బాపు కన్ను, ఊదా పగడం

ఇది సముద్రానికీ సూరత్‌కూ మధ్య జరిగిన మహాయుద్ధ గాథ. ఇందులో ఒక మహమ్మారి ఉంది, ఊపిరి కోసం కొట్టుకున్న జీవరాశి ఉంది, చూపు పోగొట్టుకుంటున్న ఒక యోధుడు ఉన్నాడు. చదివి లేచేసరికి మీ కళ్ళు చెమర్చాలి.

నిజానికి అంత లేదు. సూరత్ శివారు భేస్తాన్‌లో రెండో అంతస్తులో ఉన్న మా ఇరుకు ఇంట్లో ఒక గాజుతొట్టి ఉండేది. అందులో కొన్ని పగడాలు. వాటి రంగు పోయింది, మళ్ళీ వచ్చింది. మధ్యలో మా బాపు కన్ను వ్యవహారంలోకి వచ్చింది. అంతే. చెమర్చడం, మానడం మీ ఇష్టం. ఆ రోజుల్లో మాకైతే ఏదీ చెమర్చలేదు.

తొట్టి మేం కొన్నది కాదు. నేను అడాజన్‌లో, ఆన్‌లైన్‌లో చీరలమ్మే ఒక చిన్న ఆఫీసులో పనిచేసేవాణ్ణి. ఫొటోలో రంగు ఒకటి, ఇంటికొచ్చిన రంగు ఇంకొకటి అని ఆడవాళ్ళు ఫోన్ చేసి తిడితే, "లైటింగ్ వల్ల మేడమ్" అనడం నా ఉద్యోగం. మొదటి లాక్‌డౌన్ కాస్త సడలగానే మా యజమాని కుటుంబంతో సహా సౌరాష్ట్రలోని తన ఊరికి వెళ్తూ, ఆఫీసులో ముద్దుగా పెంచుకున్న తొట్టిని ఒక టెంపోలో మా ఇంటికి పంపించాడు. "థోడా దివస్ రాఖ్, భాయ్" అన్నాడు. ఆ కొన్ని రోజులూ గడిచాక ఆఫీసు మూసేశానని మెసేజ్ పెట్టాడు. ఉద్యోగం పోయింది, తొట్టి మిగిలింది. జీతానికి బదులు పగడాలిచ్చిన కంపెనీ ఈ దేశంలో ఇదొక్కటే అయివుంటుంది.

దాన్ని చూసి అమ్మ మొదట అన్న మాట: "గివి పువ్వులా, రాళ్ళా?"

"జంతువులమ్మా. బతికున్నయ్."

"బతికుంటె కదలాలె గద?"

"టీవీ ముంగట బాపు కదులుతున్నడా?"

బాపు నిజంగానే కదలడం లేదు. ఆయన కుర్రతనంలో సిరిసిల్ల నుంచి ఇక్కడికి మగ్గాల మీదికి వచ్చి, మగ్గం నుంచి రంగుల వైపు మళ్ళి, కడోదరా దగ్గర ఒక డైయింగ్ మిల్లులో కలర్ మాస్టర్ అయ్యాడు. ఆర్డరిచ్చే పార్టీ ఒక గుడ్డముక్క పంపుతుంది. అదే రంగు తానులు తానులుగా దిగాలి. దిగిందో లేదో తేల్చేది మాస్టర్ కన్ను. మిల్లులో దీన్ని మ్యాచింగ్ అంటారు. బాపుకు పెద్ద చదువు లేదు, ఊళ్ళో భూమి లేదు, ఆ కన్నుంది. మా ఇల్లు దాని మీద నడిచేది.

లాక్‌డౌన్‌కు మిల్లు మూతపడ్డాక ఆ కన్ను ఖాళీగా ఇంటిమీద పడింది. "పప్పు నిన్నటికన్న ఒక షేడ్ తక్కువున్నది" అనేవాడు. "అయితే నిన్నటిదే తిను" అనేది అమ్మ. తొట్టి వచ్చాక పప్పుకు విముక్తి దొరికింది. బాపు తన పెట్టెలోంచి పాత పాలిస్టర్ ముక్కలు తీసి, అంచులు జిగ్‌జాగ్‌గా కత్తిరించే మిల్లు కత్తెరతో అగ్గిపెట్టెంత కోసి, ఒక్కో పగడానికి సరిపోయే ముక్కను గాజు బయట టేపుతో అంటించాడు. కొమ్మలు కొమ్మలుగా ఉండేదానికి ఊదా. మెదడు ముడతల్లా ఉండేదానికి చిలకపచ్చ. అంగీ బొత్తాల్లా గుంపుగా ఉండేవాటికి నారింజ. పొద్దున్నే టీ గ్లాసుతో వచ్చి, గుడ్డనూ పగడాన్నీ మార్చి మార్చి చూసి "ఓకే" అనేవాడు. లాట్ పాసయినట్టు. పగడాలు ఊపిరి పీల్చుకునేవేమో తెలీదు, నేను మాత్రం పీల్చుకునేవాణ్ణి.

ఎందుకంటే మిగతా చాకిరీ అంతా నాదే. ఫిల్టర్ నీళ్ళలో సముద్రపు ఉప్పు కలిపి, వారానికోసారి తొట్టిలో కొంత పాతనీరు తీసి ఆ కొత్తనీరు పొయ్యాలి. మామూలు ఉప్పు పనికిరాదు. యజమాని రెండు బకెట్ల ఉప్పు పంపించాడు కాబట్టి సరిపోయింది. సూరత్ ఎండకు నీళ్ళు వేడెక్కకుండా పైన ఒక టేబుల్ ఫ్యాను. "మనకు బోరు నీళ్ళు, గాలాడని గది. దానికి ఫిల్టర్ నీళ్ళు, ఫ్యాను. అది మా అత్తగారి దిక్కు చుట్టమా?" అని అమ్మ. బయట మగ్గాల చప్పుడు ఆగిపోయి, చిన్నప్పట్నుంచీ లేని నిశ్శబ్దంలో ఇంట్లో ఆ తొట్టి మోటారు ఒక్కటే గునిసేది.

రెండో ఏడు ఎండాకాలం బాపు ఆస్పత్రి పాలయ్యాడు. ఈ చోట ఒక పెద్ద అధ్యాయం రాయొచ్చు. ఆక్సిజన్, అంబులెన్సులు, ఫోన్లు. మీ అందరి దగ్గరా అలాంటి అధ్యాయమే ఉంది, అదే చదువుకోండి. మా కింది అంతస్తులో ఇద్దరు పోయారు. కబురు విని నేను "అట్లనా" అని, తొట్టి గాజు లోపలివైపు పాచి గీకడం మొదలుపెట్టాను. గీకడం అయ్యాక కూడా ఏమీ అనిపించలేదు. బాపును ఇంటికి తెచ్చిన రోజూ అంతే. ఆయన సన్నబడి, మంచమ్మీద కూర్చున్నాడు. అమ్మ దిష్టి తీసింది. నేను చెప్పుల స్టాండు సర్దాను.

ఓపిక రాగానే బాపు తొట్టి ముందు కుర్చీ వేసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఏందిరా గిది? షేడ్ పోయింది."

"ఏది?"

"ఊదాది. బిస్కట్ లెక్క అయింది."

నేను చూస్తే ఊదాగానే ఉన్నట్టుంది. కొద్దిగా మాసిందేమో. నాకు నమ్మకం లేదు, నేను లైటింగ్ వల్ల మేడమ్ బాపతు. అప్పటికి మిల్లు మళ్ళీ తెరిచారు. ఎప్పుడొస్తావని మిల్లు శేఠ్ ఫోన్ చేస్తున్నాడు. "మాస్తర్, క్యారె ఆవో ఛో?" బాపు "ఆవుం ఛుం శేఠ్, ఆవుం ఛుం" అని ఫోన్ పెట్టేసి, మళ్ళీ తొట్టిలోకి చూసేవాడు. ముగ్గురికీ అర్థమైంది కానీ ఎవరూ పైకి అనలేదు. రంగు పోయింది పగడానిదైతే నష్టం తొట్టికి. బాపు కంటిదైతే నష్టం ఇంటికి.

బాపు పగడానిదే అని తీర్పిచ్చాడు. నేరం తొట్టి పైనుండే లైటు మీద మోపాడు. ఆ లైటులో రెండు స్విచ్‌లు, ఒకటి తెలుపు, ఒకటి నీలం. నీలం పడితే పగడాలు పెళ్ళి బ్యాండు కుర్తాల్లా వెలిగిపోతాయి.

"గిది చీరల దుకాణపోల్ల లైటు" అన్నాడు. "గీ లైట్ల గోనెసంచి గూడ పట్టు లెక్క గొడ్తది. మ్యాచింగ్ అంటె తెల్ల లైట్లనే చెయ్యాలె."

నీలం ఆర్పేశాడు. తెలుపు పొద్దుగాల నుంచి పొద్దు గూకేదాకా వేసి ఉంచాడు. ఏ కలర్ మాస్టరైనా అదే చేస్తాడు. పగడం గుడ్డ కాదన్నదొక్కటే ఇబ్బంది. పగడం కండలో కంటికి కనబడని నాచు కాపురముంటుంది. అది వెలుతురుతో వండి పగడానికి పెడుతుంది. వంటకు దానికి కావల్సింది ముఖ్యంగా ఆ నీలమే. పైగా బాపు ఆస్పత్రిలో ఉన్నప్పట్నుంచీ అమ్మ, దేవుడి మీద కోపమో దయో, పగడాలకు మేత రెట్టింపు వేస్తోంది. "పాపం, నోరు లేనియి." నోరుంది, దానికి ఉన్నదే నోరు, అయినా ఆ సంగతి చెప్పే ఓపిక నాకు లేదు. మేత ఎక్కువై నీళ్ళు చిక్కబడితే లోపలి నాచు పెరిగిపోయి పగడం గోధుమరంగుకు తిరుగుతుంది. తిరిగింది. రాళ్ళ మీద పాచి జుట్టులా పెరిగింది. ఇప్పుడు నా కంటికీ బిస్కటే.

బాపు ముఖంలో, నిజం చెప్పాలంటే, కాస్త వెలుగొచ్చింది. "చూసినవా? నేను చెప్పలే?"

గోధుమరంగు తిరిగిన పగడం చచ్చిపోదు. తెల్లబడితే ప్రమాదం, గోధుమ అయితే బతికే ఉంటుంది, రంగే ఉండదు. మనం కూడా అట్లనే ఉన్నం కదమ్మా అని ఒక మధ్యాహ్నం ఎంతో లోతుగా అన్నాను. అమ్మ చాట నా ఒళ్ళో పెట్టి, "బియ్యంల పురుగులున్నయ్, ఏరు" అన్నది.

ఏరుతూ ఆలోచించి బాపుతో ఒప్పందానికి దిగాను. పొద్దున టీ తాగేంతసేపు తెల్ల లైటు మాత్రమే, అది మ్యాచింగ్ టైము. తర్వాత నీలం, తెలుపు కలిపి. సాయంత్రం రెండూ బంద్. బాపు మిల్లు యూనియన్‌తో మాట్లాడినట్టు గంభీరంగా ఒప్పుకున్నాడు. అమ్మ చేతిలోంచి మేత డబ్బా లాక్కున్నాను. పాచి చేత్తో పీకాను. నీళ్ళు వారానికి రెండుసార్లు మార్చాను, ఒకేసారి ఎక్కువ మారిస్తే తట్టుకోవు. మందులేం వెయ్యలేదు. పగడాల వైద్యమంతా ఇంతే. ఏదీ హఠాత్తుగా చెయ్యకుండా విసుగు పుట్టేలా ఒకే పని చేస్తూ పోవాలి. ఆ ఏడాది అది మాకు ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు.

వానలు తగ్గేసరికి ఊదా కొమ్మల చివర్లు ముందు తేరుకున్నాయి. తర్వాత చిలకపచ్చ. ఒకరోజు బాపు తెల్ల లైటులో టీ తాగుతుండగా అమ్మ చీపురుతో అటుగా వెళ్తూ ఆగింది.

"అరె! వంకాయ రంగొచ్చింది గద, మంచిగున్నది."

"యాడ?" అన్నాడు బాపు.

"గదే, ముంగట. కొమ్మలు."

బాపు వంగి చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ చూశాడు. "బిస్కటే ఉన్నది గద."

బాపు గాజుకంటిన ఊదా ముక్కను వేలితో తట్టాడు. "గీ గుడ్డ గూడ ఎండకు మాసి బిస్కటయింది. గందుకే సరిపోయినట్టు కొడ్తుంది."

"మాసలేదయ్యా" అన్నది అమ్మ. "ఈడికి ఎండేడ వస్తది?"

మోటారు గునిసింది. బాపు టీ గ్లాసు కింద పెట్టాడు.

"నాకెర్కనే" అన్నాడు. "ఆస్పత్రిల గోడలు గూడ పసుపచ్చ కొట్టినయ్. పగడం పోయిందంటె మీరు నమ్మిండ్రు. మంచిగనిపిచ్చింది."

అమ్మ చీపురు గోడకు ఆనించింది. "నమ్మలే. ఊకున్నం."

"శేఠ్‌కు ఏం జెప్పాలె?"

"వస్తున్న అని చెప్తున్నవ్ గద, ఇంకొన్నొద్దులు చెప్పు" అన్నాను. "ముందు కన్ను జూపిద్దాం."

అడాజన్‌లో కంటి ఆస్పత్రికి వెళ్ళాం. ముగ్గురం గుడ్డితనానికి తయారై వెళ్ళాం. ఆటోలో అమ్మ దేవుళ్ళకు మొక్కింది. నేను చేతికర్ర ఎక్కడ దొరుకుతుందో ఆలోచించాను. బాపు రోడ్డు పక్కన కనబడ్డ ప్రతి బోర్డు రంగూ పైకి చెబుతూ వచ్చాడు, తప్పులతో సహా. డాక్టరు తెలుగమ్మాయి, నాకంటే కొంచెం పెద్ద. లైటు వేసి చూసి, "శుక్లాలండీ" అన్నది. "చాలా రోజుల్నుంచే ఉండుంటాయి. షుగరుంది కదా, కోవిడ్‌కి స్టెరాయిడ్లు వాడారు కదా, తొందరగా ముదిరాయి. తీసేద్దాం."

"అంతేనా?" అన్నాడు బాపు. మోసపోయినట్టు.

"అంతేనండీ. బయట కూర్చున్నవాళ్ళలో సగం మందికి అదే."

ఒకదాని తర్వాత ఒకటిగా రెండు కళ్ళూ చేశారు. ఏడవాల్సిన ఘట్టం ఇక్కడుంది, నల్లద్దాలు తీసి బాపు తొట్టి ముందు కూర్చున్నప్పుడు. అమ్మ కొంగు కూడా సిద్ధం చేసుకుంది. బాపు ఊదా ముక్కనూ ఊదా కొమ్మనూ మార్చి మార్చి చూశాడు.

"కొడుకా, దీన్ల నీలం ఎక్కువైంది. ముక్క మార్చాలె."

ఇంకో ముక్క కోసి అంటించాడు. అమ్మ కొంగుతో స్టూలు తుడిచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు ఏమైనా అనిపిస్తుందేమోనని కాసేపు నిలబడి చూశాను. కొంచెం ఆకలేసింది.

తర్వాతి సోమవారం బాపు మిల్లుకు వెళ్ళాడు. ఇస్త్రీ అంగీ, కొత్త కళ్ళు. సాయంత్రం వచ్చి చెప్పులు విప్పుతుంటే అమ్మ అడిగింది, "ఏమన్నడు శేఠ్?"

"ఏమంటడు? రమ్మన్నడు. జీతం గదే." నీళ్ళు తాగాడు. "మ్యాచింగ్‌కు మిషిన్ తెచ్చిండు. గుడ్డ కింద పెడితె అదే చెప్తది, ఎంత నీలం, ఎంత ఎరుపు."

"మరి నువ్వేం చెయ్యాలె?"

"గుడ్డ కింద పెట్టాలె."

"మంచిగ సూస్తదా?" అన్నాను.

"మంచిగనే సూస్తది."

ఆ మిషన్‌ను పొద్దున స్విచ్ వేశాక అరగంట ఊరికే వదిలెయ్యాలట, వేడెక్కడానికి. ఆ అరగంటా మ్యాచింగ్ బాపు కన్నుదే.