గుండీల సమాధి

వేకువన మొదలైన వాన అప్పుడే వెలిసింది. డోరీన్ అక్రాయిడ్ మోకాళ్ళ కింద పాత రబ్బరు చాప వేసుకుని, చర్చి ఆవరణలో తడిగడ్డి పాయలు తీసి గుండీలు ఏరుతోంది. ఎర్రవి, నీలివి, కొమ్ముతో చేసినవి, ఇత్తడివి. అర్చన ముగిశాక మిగిలిన పూరేకుల్లా ఒక సమాధి చుట్టూ రాలి ఉన్నాయి. ఏరకుండా వదిలితే గడ్డి కోసే యంత్రం వాటిని వడిసెల రాళ్ళలా విసురుతుంది. కిందటి వేసవిలో ఒకటి ఎగిరి చర్చి రంగుటద్దాల కిటికీలో ఒక దేవదూత చెక్కిలిని పగులగొట్టింది.

ఆ రాతి మీద 'ఎలినార్ ఫెయిర్‌బ్యాంక్, ముగ్గురు బిడ్డల తల్లి' అని చెక్కి ఉంది. రాతి కింద ఎవరూ లేరు.

డోరీన్ బడికి వెళ్ళే వయసులో, యార్క్‌షైర్ కొండల నడుమనున్న ఈ థార్న్‌గిల్ పల్లెకు సినిమావాళ్ళు వచ్చారు. గుర్రపుబళ్ళ కాలపు కథ అది. తల్లి పోయిన ముగ్గురు పిల్లలు ముక్కోపి తాతగారి పంచన చేరి, మెల్లగా ఆయన మనసు గెలుచుకుంటారు. ఒకనాడు చిన్నవాడు తల్లి సమాధి దగ్గరికి వచ్చి, పెట్టడానికి పువ్వు దొరకక, తన కోటు గుండీ తెంపి రాతి మీద ఉంచుతాడు. ఆ ఒక్క దృశ్యానికి దేశమంతా కరిగిపోయింది. నాటినుంచి క్రిస్మస్ భోజనాలు కాగానే ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరి ఆ సినిమా చూడడం, వేసవి రాగానే ఈ పల్లెను వెతుక్కుంటూ వచ్చి గుండీ సమర్పించడం ఒక వ్రతంలా స్థిరపడ్డాయి.

సినిమావాళ్ళ రాయి ప్లాస్టరుది. ఇద్దరు మనుషులు దాన్ని చుట్టిన పరుపులా చంకన పెట్టుకుని రావడం డోరీన్ చూసింది. శీతకాలపు వానలకు అది కరిగి ముద్దయింది. సమాధి ఏదని వచ్చినవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే చూడలేక, ఊరివాళ్ళే అదే పేరు చెక్కించి అసలు రాయి నిలబెట్టారు.

దాని ముందర, జానెడు ఎడంలో, క్లిఫర్డ్ ఉన్నాడు. బ్రతికినన్నాళ్ళూ ఈ ఆవరణలో గడ్డి కోసిన మనిషి, డోరీన్ భర్త. ఆయన రాయి చిన్నది, నేలలో పరచినది. ఎలినార్ ఫొటో నిండుగా రావాలంటే దాని మీద నిలబడక తప్పదు.

"ఈ క్లిఫర్డ్ ఎవరండీ? సినిమాలో మామయ్యా?" అని మొన్న ఒకావిడ అడిగింది.

"కాదు తల్లీ, గడ్డి కోసేవాడు. ఏ సినిమాలోనూ లేడు. కాస్త ఆయన రొమ్ము మీంచి దిగుతావా?"

డోరీన్ అలసిపోయింది. మోకాళ్ళు అరిగాయి, అంతకంటే ముందు ఓపిక అరిగింది. ఆ రాయిని పెకలించమని చర్చి సభను అడిగింది. "చాకిరీ నీదైనప్పుడు మాట కూడా నీదే. ఆదివారం ఆరాధనయ్యాక తీసేయమని చెప్పు, తీసేస్తాం" అన్నారు పాస్టరుగారు. ఈవాళే ఆదివారం. చెప్పవలసిన మాట ఆమె నాలుక మీదే ఉంది.

గేటు కిర్రుమంది. లారీ డ్రైవర్లు తొడిగే పసుపుపచ్చ కోటుతో భారీ మనిషి ఒకడు వచ్చాడు. ఎలినార్ వైపు అడుగు వేయబోయి, కిందికి చూసి, క్లిఫర్డ్ పేరు చదివి, పక్కనున్న ముళ్ళపొదలోకి జరిగి నిలబడ్డాడు.

"అయ్యో, అక్కడ ముళ్ళు నాయనా!"

"పర్లేదమ్మా. పడుకున్న మనిషి మీద ఎలా నిలబడను?"

డోరీన్ చాలాసేపు అతణ్ణి చూసి, ఫ్లాస్కు మూత తిప్పి టీ పోసి ఇచ్చింది.

"అంత గొప్ప సినిమానా అది?"

"నిజం చెప్పనా? కాదమ్మా. ఒకచోట తాత మీసం ఊడి వేలాడుతుంది. మా అమ్మ ప్రతి ఏడూ అక్కడ పగలబడి నవ్వేది, గుండీ దగ్గరికి రాగానే ఏడ్చేది. గిన్నెలు తోముతున్నా సబ్బు చేతులతోనే పరుగెత్తుకొచ్చేది. సినిమా నడిచినంతసేపూ మా ఇంట్లో ఎవరూ పోట్లాడుకునేవాళ్ళు కాదు. మా నాన్న కూడా."

"అమ్మ ఎక్కడుంది ఇప్పుడు?"

"హల్ రేవు దాటాక సముద్రంలో కలిపాం, బూడిద. ఆవిడ కోరికే. కానీ అమ్మా, ఒడ్డున నిలబడితే ఎటు చూడాలో తెలియదు. ఇక్కడైతే ఒక రాయుంది."

"ఈవిడ మీ అమ్మ కాదుగా."

"ఈవిడ ఎవరి అమ్మా కాదుగా! మరి నేనొస్తే కాదనేదెవరు?"

అతను జేబులోంచి పాత ఆడవాళ్ళ కోటు గుండీ తీసి రాతి మీద ఉంచి, టీ తాగి వెళ్ళిపోయాడు. డోరీన్ ఒళ్ళోని రేకు డబ్బాలోకి చూసింది. ఇన్నాళ్ళూ సినిమా పిచ్చి అనుకుంటూ ఏరినవాటిలో ఎవరెవరి తల్లులు ఉన్నారో! నిరాకారుణ్ణి రాతిలో కొలుచుకునే మనిషి, కనుమరుగైన తల్లిని మాత్రం వేరే ఎక్కడ వెతుక్కుంటాడు? ఈ సంగతి తట్టినంత మాత్రాన మోకాళ్ళ నొప్పి తగ్గలేదు. ఆమె లేవడానికి ఎలినార్ రాతినే పట్టుకోవలసి వచ్చింది.

మధ్యాహ్నం చర్చి పక్కగదిలో టీ, అల్లం కేకు పెట్టారు. చర్చి పెద్ద మోరిస్ ఉత్సాహంగా ఉన్నాడు.

"గడ్డపార సిద్ధం, డోరీన్. నువ్వు ఊఁ అనడమే ఆలస్యం."

"గడ్డపార పక్కన పెట్టు, మోరిస్. నీ నడుముకది పడదు." డోరీన్ పాస్టరుగారి వైపు తిరిగింది. "రాయి ఉండనీండి. మా ఆయన మీద ఎవరూ నిలబడకుండా పక్కన రెండు పలకరాళ్ళు పరిపించండి, చాలు."

"మంచిదమ్మా. మరి గుండీలు?"

"అవి ఇకమీదట మరెవరైనా ఏరండి. నావల్ల కాదు."

అందరూ ఎవరి కప్పులోకి వాళ్ళు చూసుకున్నారు. మోరిస్ ఇంకో కేకు ముక్క అందుకున్నాడు.

"ఏం మోరిస్?"

"నా నడుము సంగతి ఇప్పుడే నువ్వే చెప్పావుగా!"

అందరితోపాటు డోరీన్‌కూ నవ్వు వచ్చింది గాని, అది పెదవుల దాకా రాకముందే అలసిపోయింది.

మాట ప్రకారం పలకరాళ్ళు పడ్డాయి. వాటి మీద మొట్టమొదట మోకాళ్ళు మోపింది డోరీనే. పక్కన రేకు డబ్బా ఉంది.