మొదటి విడత తల్లి

కొడుకు గొప్పవాడైతే తల్లికి ఊళ్ళో గౌరవం పెరుగుతుందంటారు. పెన్సిల్వేనియా కొండల మధ్య వెస్ట్ డార్లీ అనే ఉక్కు మిల్లు ఊళ్ళో బెర్నడెట్ హ్రిన్యాకు పెరిగింది గౌరవం కాదు, కడుపుమంట. అదీ పరాయివాళ్ళ మీద కాదు. పాతికేళ్ళుగా పక్క కుర్చీలో కూర్చుని పిరోహీలు చుట్టే మార్లీన్ మీద.

గురువారం పొద్దున్నే చర్చి కింది హాల్లో ఆడవాళ్ళంతా పొడుగు బల్లల దగ్గర చేరతారు. ఉడికించి మెదిపిన ఆలుగడ్డ, చీజ్ కలిపి పిండి బిళ్ళలో పెట్టి, అంచులు నొక్కి మడుస్తారు. అవే పిరోహీలు. కజ్జికాయ ఆకారమే గానీ వేయించరు, ఉడికిస్తారు. శుక్రవారం వాటిని అమ్మితే వచ్చేదే చర్చి పైకప్పుకూ బాయిలరుకూ ఆధారం. ఆ బల్ల దగ్గర తెలియని సంగతంటూ ఉండదు. తెలియకపోతే తయారు చేస్తారు.

బెర్నడెట్ స్కూల్ క్యాంటీన్‌లో వడ్డించి రిటైరైన మనిషి. భర్త ఆండీ సిటీ బస్సు డ్రైవరు, నోట్లోంచి మాట రాలాలంటే ముహూర్తం చూసుకునే రకం. ఒక్కడే కొడుకు గ్రెగ్. మార్లీన్‌కూ ఒక్కడే, టోబీ. ఇద్దరూ ఒకే వీధిలో పెరిగారు, ఒకే స్కూలు జట్టులో ఆడారు. ఫుట్‌బాల్ అంటే ఆ ఊళ్ళో కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో పెట్టుకుని ఒకడు పరిగెత్తుతుంటే, వాణ్ణి నేలకేసి కొట్టే ఆట. కొట్టడంలో ఇద్దరూ ఇద్దరే.

ఏటా ఏప్రిల్‌లో పెద్ద జట్లన్నీ వరసగా వంతులేసుకుని కాలేజీ కుర్రాళ్ళను ఎంచుకుంటాయి. ఏడు విడతలు. మొదటి విడతలో పేరు వచ్చినవాడు మహారాజు, ఏడో విడతలో వచ్చినవాడు ఆఖరి పంక్తికి మిగిలిన భోజనం. ఈ ఇద్దరూ కాలేజీ ముగించిన ఏడాది, శనివారం నాడు దగ్గర్లోని నగరం జట్టే గ్రెగ్‌ను మొదటి విడతలో తీసుకుంది. బెర్నడెట్ ఇంటి ముందు టీవీ వ్యాను ఆగింది, వీధంతా కార్ల హారన్లు మోగాయి, ఫాదర్ బసిల్ వచ్చి కేకును దీవించాడు. మర్నాడు సాయంత్రం మార్లీన్ తడిచేతులతో, ఏప్రన్ విప్పకుండానే పరిగెత్తుకొచ్చింది.

"ఒసేయ్ బెర్నీ! మావాణ్ణి కూడా తీసుకున్నారే! ఏడో విడత! మీవాడి జట్టే!"

బెర్నడెట్ ఆమెను గట్టిగా కావిలించుకుంది. ఆ కౌగిలిలో కల్తీ లేదు. పోనీలే పాపం, పిల్లాడికి ఏదో ఒకటి దొరికింది అనుకుంది. జాలిపడ్డంత కాలం ఆమెకు మార్లీన్ అంటే ప్రాణం.

ఆటలు మొదలయ్యాక ఆ జాలి చెల్లలేదు. గ్రెగ్ మొదటి రోజునుంచీ మైదానంలో ఉన్నాడు, వారం వారం అందరికంటే ఎక్కువమందిని పడగొట్టాడు. టోబీ ఆట మొదలెడుతూ బంతిని తన్నే ఆ ఒక్కసారికి మాత్రం మైదానంలోకి పరిగెత్తి, దొరికినవాణ్ణి ఒకణ్ణి గుద్ది, మళ్ళీ బెంచీ మీద కూర్చునేవాడు. శుక్రవారం పిరోహీల కోసం వరసలో నిలబడే మగాళ్ళలో మిల్లులో పనిచేసి రిటైరైన స్టష్ అనే ముసలాయన ఒకడు. ఆయన నోరే ఊరికి పత్రిక.

"ఏమ్మా మార్లీన్, నిన్న మీవాడు ఆ పొడుగోణ్ణి ఎత్తి కుదేశాడు చూడూ! ఏడో విడత పిల్లాడమ్మా! అబ్బ, ఏం గుండె, ఏం గుండె!" అని పొగిడి, బెర్నడెట్ వైపు తిరిగి, "మీవాడు కూడా ఆడాడులే" అన్నాడు.

"ఆడాడులే ఏంటి స్టష్? మైదానంలో సగంమందిని వాడే పడగొట్టాడు."

"మొదటి విడతోడు పడగొట్టకపోతే ఇంకెవడు పడగొడతాడమ్మా? అందుకేగా తీసుకుంది. ఒక డజను పిరోహీలు ఇవ్వు, ఉల్లిపాయలతో."

ఇలా మూడేళ్ళు. టోబీ వేలు కదిపితే ఇంద్రధనుస్సు వంచినట్టు, గ్రెగ్ కొండ మోస్తే కూలిపని. గ్రెగ్ ఒకణ్ణి వదిలేస్తే రేడియోలో ఫోన్ల వాన కురిసేది: దండగ, తిండికి చేటు, వాడి బదులు ఫలానా వాణ్ణి తీసుకుని ఉంటే. టోబీ వదిలేస్తే మాత్రం, పాపం ఏడో విడత కదా అనేవారు. ఆ రేడియో వినలేక ఆండీ లేచి గరాజ్‌లోకి పోయేవాడు. బెర్నడెట్ మాత్రం చివరిదాకా వినేది. పుండును గోకితే వచ్చే సుఖం లాంటిది అది.

వీటన్నిటికంటే ఆమెను కాల్చింది సప్పర్. నలభై రోజుల ఉపవాసాలు మొదలయ్యే ముందు శనివారం చర్చి హాల్లో పెద్ద విందు. ఊరి ఆటగాడు ఒకడు ఏప్రన్ కట్టుకుని బల్ల వెనక నిలబడి మొదటి పళ్ళెం వడ్డించాలి. హాలంతా లేచి చప్పట్లు కొడుతుంది. మూడేళ్ళూ ఫాదర్ బసిల్ టోబీనే పిలిచాడు. "జనానికి వాడంటే ఇష్టం బెర్నడెట్, నన్నేం చేయమంటావు?" అన్నాడు నిజాయితీగా. ఒక్కసారి, ఒక్క శనివారం, ఆ బల్ల వెనక తన కొడుకును చూడాలి, ఆ చప్పట్లు వాడికి వినబడాలి. బెర్నడెట్‌కు ఇక దేవుణ్ణి అడగడానికి వేరే కోరికే మిగల్లేదు.

మార్లీన్ పొంగిపోయి మాట్లాడినా ఆమెకు కిట్టేది కాదు, అణిగిమణిగి మాట్లాడినా కిట్టేది కాదు. "మీవాడి ముందు మావాడెంతే" అని మార్లీన్ అంటే, చూశావా, వినయం కూడా దీనికే దక్కింది అని కుళ్ళుకునేది. పిండి అంచులు అంత గట్టిగా నొక్కేది కాబట్టి ఆమె పిరోహీ ఏనాడూ ఉడికేటప్పుడు విడిపోలేదు. ఓర్వలేనితనానికి ఆ ఒక్క మంచిగుణం ఉంది.

మూడో సప్పర్ ముగిసిన తర్వాతి శుక్రవారం స్టష్ మళ్ళీ టోబీ పాట ఎత్తుకున్నాడు. ఏడో విడత, ఏం గుండె. బెర్నడెట్‌కు ఏదో తట్టింది. తిడితే ఊరు తననే తిడుతుంది. పొగిడితే?

"ఏడో విడతేంటి స్టష్, నీకు తెలీదా?" అంది గొంతు తగ్గించి, బెల్లం కలిపి. "గ్రెగ్‌ను చూడ్డానికి జట్టు పెద్దమనిషి మా ఇంటికి వచ్చాడుగా అప్పట్లో. మా సోఫాలో కూర్చునే చెప్పాడు. టోబీని కూడా మొదటి విడత సరుకుగానే రాసుకున్నారట. మిగతా జట్లు నిద్రపోతున్నాయి కదా, ఆఖర్న తీసుకుందాంలే అని ఆగారట. వాడు పూర్తిగా ఆడితే గ్రెగ్ వాడి ముందు నిలవడు."

"ఓరి వీడి దుంప తెగ!" అన్నాడు స్టష్. పిరోహీల పొట్లం మర్చిపోయి వెళ్ళిపోయాడు.

మునగచెట్టు ఎక్కించడమంటే అదే. ఎక్కించేవాళ్ళకు చేతులు నొప్పి పుట్టవు. ఆదివారానికి మాట మంగలిషాపు చేరింది, వేసవికి రేడియో చేరింది. కన్నతల్లి తన కొడుకును తక్కువచేసి పక్కింటివాణ్ణి పొగిడాక ఇక సాక్ష్యం ఎందుకు? స్టష్ విన్న మరుసటి గురువారమే మార్లీన్ వచ్చి పిండిచేతులతోనే ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"బెర్నీ, నువ్వు అన్నావటగా. ఎవరూ అనకపోయినా నువ్వు అన్నావు. టోబీకి ఫోన్‌లో చెప్తే, ఆంటీ నిజంగా అందా అని మూడుసార్లు అడిగాడే."

"ఉన్నమాటే అన్నాను" అంది బెర్నడెట్, కళ్ళు పిండి మీదనుంచి ఎత్తకుండా.

ఆ శరత్కాలంలో జట్టులో ఒక పెద్ద ఆటగాడి కాలు విరిగి, టోబీకి గ్రెగ్ పక్కనే పూర్తి స్థానం దొరికింది. వాడు ఆడింది తక్కువేమీ కాదు. మునుపైతే ఆ ఆటకు ఊరు పల్లకీ ఎత్తేది. ఇప్పుడు వరసలో నిలబడ్డ స్టష్ మొహం చిట్లించాడు.

"ఏంటమ్మా మార్లీన్, మీవాడు? ఆ సరుకంతా ఏమైపోయింది? మొదటి విడతోడిలా ఆడాలిగా!"

"వాడు ఏడో విడతే స్టష్."

"ఆ కబుర్లు మాకు చెప్పకు. అసలు సంగతి మాకు తెలుసుగా. డబ్బు చూడగానే బద్ధకం పట్టినట్టుంది."

వెనకవాళ్ళు నవ్వారు. మార్లీన్ మొహం పిండిలా పాలిపోయింది. బెర్నడెట్ ఆ రోజు ఇంటికెళ్ళి, ఎన్నాళ్ళకో కడుపునిండా తిన్నది. సిగ్గు వెయ్యలేదు. నాకు మూడేళ్ళు, దానికి మూడు నెలలైనా పడనీ అనుకుంది. వారం వారం రేడియోలో టోబీ పేరు నలుగుతుంటే ఆమె గిన్నెలు తోముతూ కూనిరాగాలు తీసేది. మార్లీన్ కౌంటర్ వైపు కూర్చోవడం మానేసి, ఎవరికీ మొహం చూపించనక్కర్లేకుండా వెనక ఆలుగడ్డలు తొక్కతీసే మూలకు పోయింది. టోబీ కుంగేకొద్దీ ఊరికి గ్రెగ్ కాస్త కాస్తగా నయమనిపించసాగాడు. వాడి ఆట వెంట్రుకవాసి మారలేదు. పక్కన పోల్చుకోవడానికి ఇంకో మొదటి విడతోడు దొరికాడు, అంతే.

జనవరిలో ఆటలు అయిపోయాక ఫాదర్ బసిల్ హాల్లోకి వచ్చి అందరి ముందే అడిగాడు. "బెర్నడెట్, ఈసారి గ్రెగ్‌ను పిలుద్దాం. ఏమంటావు?"

ఆ ఆదివారం ఆమె ఫోన్ దగ్గరే కూర్చుంది. గ్రెగ్ ఫోన్ చేయగానే సంగతి గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది.

గ్రెగ్ అడిగింది ఒకటే. "టోబీని పిలవట్లేదా?"

"వాణ్ణెందుకురా? మూడేళ్ళు పిలిచారుగా. ఇప్పుడు నీ వంతు."

"అమ్మా, వాడు ఆటకు ముందు బాత్రూంలో వాంతులు చేసుకుంటున్నాడు. ప్రతి వారం. తలుపు బయట నేనే నిలబడుతున్నా, ఎవరూ రాకుండా. మొన్న నాతో ఏమన్నాడో తెలుసా? మీ అమ్మ చాలా మంచిదిరా, నా మీద అందరికంటే ముందు నమ్మకం పెట్టింది ఆవిడే, ఆవిణ్ణి చిన్నబుచ్చుతున్నాను అన్నాడు."

బెర్నడెట్ రిసీవర్‌ను ఇంకో చెవికి మార్చుకుంది.

"ఆ పెద్దమనిషి నిజంగా అన్నాడా ఆ మాట?" అని నిలదీశాడు గ్రెగ్.

"ఏదో అన్నట్టే గుర్తు..."

"అమ్మా."

ఆమె ఫోన్ తీగను వేలికి చుట్టుకుంది.

"ఆ బరువు ఎలా ఉంటుందో నీకు తెలుసు. మన ఇంట్లో మోశాం కదా. తెలిసే తీసుకెళ్ళి వాడి నెత్తిన పెట్టావా?"

"నీకోసమేరా! నిన్ను తిట్టిన నోళ్ళు..."

"నాకు వాళ్ళ చప్పట్లు ఎప్పుడూ అక్కర్లేదమ్మా. నీకు కావాలి. నేను రాను. ఫాదర్‌కు నువ్వే చెప్పు, మార్లీన్ ఆంటీకి కూడా."

ఫోన్ పెట్టేశాక ఆమె కొడుకు మీద మండిపడింది, ఫాదర్ మీద మండిపడింది, చివరికి ఆండీ గరాజ్‌లోంచి రాలేదని ఆండీ మీద కూడా. ఏడ్చింది. ఆ ఏడుపులో సగం పశ్చాత్తాపమైతే మిగతా సగం ఆ శనివారం చేజారిపోయినందుకే. పూర్తిగా మంచిదైపోయిందని చెబితే ఆమెను ఎరిగినవాళ్ళెవరూ నమ్మరు.

గురువారం ఆమె కౌంటర్ దగ్గర కుర్చీ వదిలి, వెనక మూలకు వెళ్ళి మార్లీన్ ఎదురుగా కూర్చుంది. మార్లీన్ ఆలుగడ్డ తొక్క తీస్తూనే నవ్వింది.

"గ్రెగ్‌కు ఏప్రన్ ఇస్త్రీ చేశావా? నిజం చెప్పనా బెర్నీ, నిన్ను చూస్తే కుళ్ళుగా ఉందే."

నాలుగేళ్ళుగా ఈ నోట వినాలనుకున్న మాట అది. తీరా విన్నాక మింగుడుపడలేదు.

"వాడు రావట్లేదు."

"ఎందుకూ?"

"నేను చెప్పిన మాట అబద్ధం మార్లీన్. మా ఇంట్లో ఆ పెద్దమనిషి టోబీ గురించి ఏమీ అనలేదు. కుళ్ళుబోతుతనంతో నేనే పుట్టించాను. పొగిడితే వాణ్ణి కూడా మావాడిలాగే తిడతారని." ఒక్క గుక్కలో చెప్పేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "తిట్టు. కొట్టు. నీ ఇష్టం."

మార్లీన్ తొక్కతీయడం ఆపలేదు.

"అబద్ధమని నాకు తెలుసు."

"ఎప్పటినుంచి?"

"స్టష్ చెప్పిన రోజునుంచే. ఆ పెద్దమనిషి వచ్చినప్పుడు మీ వంటింట్లో కాఫీ కలిపింది ఎవరే? నువ్వు ఆయన ముందునుంచి కదలనంటే నేనేగా వచ్చి కలిపాను. తలుపు సందులోంచి అంతా విన్నాను. టోబీ అని ఒక్కసారి అంటాడేమో అని కాఫీ చల్లారిపోయేదాకా నిలబడ్డాను. అనలేదు."

బెర్నడెట్‌కు ఆ కాఫీ గుర్తే లేదు. ఎవరు కలిపారో ఆ రోజు కూడా చూసి ఉండదు.

"మరి... నా చేతులు పట్టుకున్నావు కదే. అప్పుడే ఎందుకు అనలేదు?"

"గ్రెగ్‌ను జట్టులోకి తీసుకున్న ఆ శనివారం మీ ఇంట్లో కేకు తిని, ఇంటికెళ్ళి ఏడ్చాను బెర్నీ. సంతోషమనుకున్నాడు మా ఆయన. నీ మాట ఊరంతా తిరుగుతుంటే, ఆ వేసవంతా నేనూ మొదటి విడత తల్లిలా తలెత్తుకు తిరిగాను. ఎంత బాగుందో! కాదని చెప్పబుద్ధి కాలేదు." అప్పుడు కత్తి కింద పెట్టింది. "నాకు తెలుసు. నీకూ తెలుసు. టోబీకే ఎవరమూ చెప్పలేదు. వాడు నమ్మాడే బెర్నీ. ఇప్పటికీ నమ్ముతూనే ఉన్నాడు."