రొట్టెల వ్యాను మీది పేరు

మా అల్లుడు కొన్న వ్యానుది దాదాపు నా ఈడే. ఇంగ్లండులో తయారైంది. పొట్టి ముక్కు, పక్కకు జరిగే తలుపులు, స్టీరింగు మన దేశంలోలాగే కుడివైపు. ఫ్రైబర్గ్‌లో దాన్ని మాకు అమ్మిన ముసలాయన చెప్పిన చరిత్ర ఇంతే: మొదట ఒక బేకరీ వాళ్ళ దగ్గర వీధి వీధికీ రొట్టె మోసింది, తరవాత ఏళ్ళ తరబడి ఎవరి షెడ్డులోనో పడి ఉంది, చివరికి ఆయన దగ్గరికి చేరింది. పాత కాగితాలేవీ లేవు.

మా అమ్మాయికి ఇక్కడ జర్మనీలో, డ్రెస్డెన్‌లోని కంప్యూటరు చిప్పుల కంపెనీలో ఉద్యోగం. ఈ దేశంలో ఉండి పనిచేసుకోనిచ్చే బ్లూకార్డు ఆమెదే. అల్లుడికి జర్మన్ సరిగ్గా రాక రెండేళ్ళుగా పని దొరకలేదు. వ్యానుకు ఒక పక్కన ఉన్న కిటికీలోంచి యూనివర్సిటీ పిల్లలకు దోసెలు అమ్మితే తన కాళ్ళ మీద తాను నిలబడొచ్చని అతని ఆశ.

ఆ కిటికీ చుట్టూ వంపుగా, వెలిసిపోయిన అక్షరాలుండేవి. తెలుగు అక్షరాలు నేను నలభై ఎనిమిదో ఏట నేర్చుకున్నాను. ఇంగ్లీషువి, జర్మన్‌కూ అవేగా, ఇక్కడికొచ్చాక పెద్దల క్లాసులో. వారానికి పది మాటలు ఎక్కడైనా చూసి రాసుకురమ్మని టీచరమ్మ చెప్పేది. ఆ వారం నా మాటలన్నీ వ్యాను మీదివే. వేలు పెట్టి కూడబలుక్కుంటూ రాసుకున్నాను: ఒక మనిషి పేరు, అతని కొడుకులు, తాజా రొట్టె, ఒక ఊరు.

తరవాత తప్పు నేనే చేశాను. బండి పూజకు ముందు రోజుల్లో, "ఇంకోని పేరున్న బండికి కొబ్బరికాయ ఎట్ల కొడ్తం?" అన్నాను.

"ఉండనీయండి అత్తమ్మా, చూడనీకి మంచిగనే ఉన్నది గద," అన్నాడు అల్లుడు.

"మన దుకానం మీద వేరేటోళ్ళ పేరా?"

గరుకు కాగితం పెట్టి రెండు రోజులు నేనే గీకాను, రేకు కనబడేదాకా. పసుపు రంగు వేయించాను. చక్రాలతో నిమ్మకాయలు తొక్కించాం.

నెల తరవాత, పాత బండ్లకు ఇచ్చే ప్రత్యేక నంబరు కోసం తనిఖీకి వెళ్ళాం. బండి దాని కాలంలో ఎలా ఉందో అలాగే ఉంటేనే అది ఇస్తారు, అది వస్తేనే మా వ్యాను రోడ్డెక్కేది. తనిఖీ చేసే ఆయన మర్యాదస్థుడు. టార్చి వేసి కిటికీ అంచులన్నీ చూశాడు. ఇది బండి పుట్టినప్పటి కిటికీయా, ఈమధ్య కోసిందా అని అడిగాడు. ఆ కాలపు వ్యాపారం రాతలు దీని చుట్టూ ఉండి ఉంటే నమ్మేవాణ్ణన్నాడు. అమ్మాయి ఆ మాట తెలుగులో చెప్పింది. ముగ్గురం పసుపు రంగు వైపు చూస్తూ నిలబడ్డాం.

సంచిలోంచి నా కాపీ పుస్తకం తీసి ఇచ్చాను. టీచరమ్మ పెట్టిన ఎర్ర టిక్కులు కూడా ఉన్నాయి. చేతిరాత బాగుందన్నాడట. సాక్ష్యం మాత్రం కాదన్నాడట. పాత ఫోటో తెండి, లేదా కిటికీకి రేకు కొట్టి మూసి తెండి అన్నాడు. కిటికీ మూస్తే దోసె ఎక్కడ్నుంచి అందిస్తాడు?

ఇంటికొచ్చి ఫోన్లు వెతికాం. వ్యాను కొన్న రోజు బోలెడు ఫోటోలు తీసుకున్నాం. అన్నిట్లోనూ మేమే, బండికి అడ్డంగా.

"అమ్మా, అన్నిట్ల నీ తలకాయే ఉన్నది," అంది అమ్మాయి.

"నడుమ నిలబడుమన్నది నువ్వే గద."

"కొంచెం వంగితే ఏం పోతుండె?"

అల్లుడు నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు తేలికయ్యేది. "అత్తమ్మా, మీ బుక్కుల ఊరి పేరున్నది గద. ఆ ఊరి లైబ్రరీకి రాద్దాం. ఎవరి దగ్గరన్న ఫోటో ఉంటదేమో," అన్నాడు. బేకరీ పేరులో తప్పు పోకూడదని నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పుస్తకం చూసి నేను ఒక్కో అక్షరం చెబుతుంటే అతను టైపు చేశాడు.

ఉత్తరం వేసి ఐదు వారాలైంది. మళ్ళీ తనిఖీకి టెర్మిన్, అంటే వాళ్ళిచ్చిన తేదీ, వచ్చే గురువారం. అల్లుడు కిటికీ కొలత ప్రకారం రేకు కోయించి తెచ్చి వ్యానుకు ఆనించి పెట్టాడు. ఇంకా బిగించలేదు. పోస్టు రోజుకు ఒక్కసారే వస్తుందని నాకు తెలుసు. అయినా డబ్బా చూడడానికి మూడుసార్లు మెట్లు దిగుతున్నాను.