చన్నీళ్ల శెట్టి మహానంది స్నానాలు

నంద్యాలలో మా వీధి వీరభద్రయ్య శెట్టికి కిరాణా అంగడి ఉంది. అంగడి కంటే పెద్దది ఆయన చన్నీళ్ల పేరు. బుద్ధెరిగినప్పటి నుంచి ఆయన వేన్నీళ్లతో స్నానం చేయలేదట. చింతపండు కోసం వచ్చినవాళ్లు కూడా ఈ సంగతి వినకుండా బయటపడలేరు.

"వేన్నీళ్లు అలవాటైతే ఒంట్లో చేవ పోతాదప్పా" అని పొట్లం కడుతూ చెబుతాడు.

ఇంతకీ నంద్యాలలో చన్నీళ్లు ఎక్కడివి? మిద్దె మీది ట్యాంకు ఉగాదికి ముందే కాగడం మొదలుపెడితే దసరా దాకా చల్లారదు. అటువంటి ఊళ్లో ఈ వ్రతం పట్టడానికి ధైర్యమేమీ అక్కర్లేదు. ఇంట్లోవాళ్లను కూడా గీజరు పెట్టుకోనివ్వకపోవడం మాత్రం ఆయన సొంత ఘనత.

ఈ ఏడు కార్తీకంలోనే చలి దిగింది. గాలి కోసం కట్టుకున్న ఇళ్లు మావి, ఎటు పడుకున్నా గాలే. కూలరు పెట్టే కిటికీలకు అట్టలు కొట్టాం. బీరువాల్లోని సన్మానం శాలువాలు బయటికొచ్చాయి. ఎప్పుడో ఒకప్పుడు సన్మానం జరిగినవాడే ఊళ్లో వెచ్చగా తిరిగాడు.

మొదటి చెంబుకే శెట్టి వేసిన కేక మా ఇంటిదాకా వినబడింది. అడిగితే శివనామం అన్నాడు.

ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మకు దగ్గు పట్టుకుంది. "ఒక్క గిన్నె నీళ్లు కాంచుకుంటానండీ" అని అడిగింది.

"మనింట్లో వేన్నీళ్లు కాగినాయని తెలిస్తే బజార్లో నా మాటకు విలువేముంటాది?" అన్నాడు శెట్టి. ఆమె మళ్లీ అడగలేదు.

ఒక సోమవారం శెట్టి మహానందికి పోయాడు. కళ్లు గట్టిగా మూసుకొని గుండంలో కాలు పెట్టాడు. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. అక్కడిది ఊట నీరు, బయట చలి ముదిరేకొద్దీ వెచ్చగా తగులుతుంది. మేమంతా ఎండాకాలంలోనే పోతాం కాబట్టి ఆ నీళ్లు చల్లనివనే మాకు తెలుసు. శెట్టికీ అంతవరకు అంతే తెలుసు.

మర్నాటి నుంచి మొదటి బస్సు ఆయనదే. మొక్కుకున్నానని చెప్పాడు. ఈ వయసులో, కొండ పక్కన, తెల్లారకముందే ఆరుబయట మునిగి వస్తున్నాడంటే మాకు వింటేనే వణుకు పుట్టేది. దారిలో జనం ఆగి మరీ నమస్కారం పెట్టేవాళ్లు. మా ఆవిడైతే ఆయన్ని చూసి నేర్చుకోమని నన్ను దెప్పేది.

రాజ్యలక్ష్మమ్మ మా ఆవిడతో అందట: "ఆయన ఆడ కొండకాడ మునుగుతాంటే నేను ఈడ వేన్నీళ్లు అడగొచ్చునా? శానా తప్పు గదా." రోజూ చన్నీళ్లే పోసుకుంది. దగ్గు ఛాతీలోకి దిగింది. మాట్లాడితే ఆయాసం.

కార్తీకం చివరి సోమవారం ఆమె కూడా బయల్దేరింది, తోడుగా మేమిద్దరం. శెట్టి ముందుగా బస్సులో సందు ఉండదన్నాడు. తర్వాత మెట్లకు పాచి అన్నాడు. చివరికి "నీ దగ్గుకు ఆ నీళ్లు పడవు" అన్నాడు.

"దగ్గు తగ్గమని అడిగేదానికే వస్తాండా" అంది ఆమె.

గుండం మెట్టు మీద ఆమె పళ్లు బిగించి కాలు పెట్టింది. కాలు అట్లాగే ఉంచి వంగి, దోసిట్లోకి నీళ్లు తీసుకొని చూసింది. తర్వాత మొగుడి వైపు చూసింది. శెట్టి ఆ సమయానికి గోపురాన్ని మహా భక్తితో చూస్తున్నాడు. నేనూ వంగి నీళ్లలో చెయ్యి పెట్టి చూశాను, గోరువెచ్చగా ఉన్నాయి. ఆమెను చూస్తే నాకు ఏడుపొచ్చింది, ఆయన్ను చూస్తే ఒళ్లు మండింది.

ఆమె మెల్లగా మెడదాకా దిగి కూర్చుంది. శెట్టి కాసేపు చూసి, చొక్కా విప్పి, వణుకుతూ మెట్టు దిగబోయాడు.

"మీరు దిగొద్దండి" అంది రాజ్యలక్ష్మమ్మ. "ఇంటికి పోయి చేయండి. తొట్టి నిండా నీళ్లు పట్టి పెట్టొచ్చినా."