నిద్రలో మగ్గం కాడికి పోయే పిల్ల

మా అమ్మాయి నిద్రలో నడుస్తుందని మొదట కనిపెట్టింది మా అత్త. నడవడం ఒక ఎత్తు, ఎక్కడికి నడుస్తుందనేది ఇంకో ఎత్తు. ధర్మవరంలో మాది చీరలు నేసే ఇల్లు. ముందు గదంతా మగ్గమే. నేలలో గుంత తవ్వి, అందులోకి కాళ్ళు దించుకుని కూర్చుని నేసే మగ్గం. పిల్ల చాప మీద నుంచి లేచి, కళ్ళు తెరుచుకునే సరాసరి పోయి, ఆ గుంత అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేది. కాసేపు చేతులు అటూ ఇటూ ఆడించి, తిరిగొచ్చి పడుకునేది. తెల్లారి అడిగితే, "నేనా? నేనెందుకు పోతా?" అని మమ్మల్నే వింతగా చూసేది.

ఇంకో ఇంట్లో అయితే గాలి సోకిందనో, దేనికో జడుసుకుందనో అనుకునేవాళ్ళు. మా అత్త మాత్రం బుగ్గన చేయి పెట్టుకుని, "సూడు, మగ్గం పిలుస్తాంది దాన్ని. నేసేటోళ్ళ నెత్తురు యాడికి పోతాది? దానికి సదువులు సరిపడవు," అంది. నాకు ఒళ్ళు మండింది. పిల్ల నాలుగో తరగతి ముగించింది. పెనుకొండలో ఒక హాస్టలు బడిలో ఐదుకు సీటొచ్చింది. దానికోసం అది ఎంత చదివిందో కళ్ళారా చూసినదాన్ని నేను. వారంలోపు చేరకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. మా ఆయన ఎటూ తేల్చకుండా, "ఆడ మిద్ది మీద నుంచి పడితే ఎవరు దిక్కు?" అన్నాడు. ఆ భయం నాకూ ఉంది.

నాదొక పాడు బుద్ధి. ఏదైనా అర్థం కాకపోతే నలుగుర్నీ అడిగేదాకా అన్నం సయించదు. పక్కింటామెతో మొదలుపెట్టాను. వాళ్ళాయనది పంక్చర్ల షాపు. మీ పిల్లోడు రాత్రిళ్ళు బాగా నిద్రపోతాడా అంటే, "మా వాడా? పండుకుంటే తెల్లార్నే లేసేది," అని ఠక్కున అంది. నేను మా పిల్ల సంగతి చెప్పగానే దగ్గరికి జరిగింది.

"నీకు గాబట్టి చెప్తాండా అక్కా. పండ్లు పటపటా కొరుకుతాడు. ఒగోసారి కెవ్వుమని లేసి ఏడుస్తాడు, నన్ను గూడా గుర్తుపట్టడు. దర్గాకు పోయి తాయెత్తు కట్టిచ్చినా."

"తగ్గిందా మరి?"

"వానికేమో గానీ, నా బయమైతే తగ్గింది," అని నవ్వింది.

అప్పుడు నాకు దారి దొరికింది. ముందు మన ఇంటి గుట్టు విప్పితే, అవతలివాళ్ళు వాళ్ళది విప్పుతారు. పిల్లను వెంటబెట్టుకుని హిందూపురంలో మా అన్న ఇంటికి పోతూ, రైల్లో పక్కన కూర్చున్న తల్లుల్ని కూడా వదల్లేదు. ఒకామె కూతురు ఇంత పెద్దదయ్యాక కూడా పక్క తడుపుతుందట. ఆ సిగ్గుకు చుట్టాలిళ్ళకే పోవడం మానేశారట. ఇంకొకామె కొడుకు ఎంతకీ నిద్రపట్టక దొర్లుతుంటాడట, పొద్దున బడికి లేపాలంటే ఇల్లు కురుక్షేత్రమే. హిందూపురం చేరాక మా వదిన, "మీ మేనల్లుడు నిద్దర్లో ఎక్కాలు చెప్తాడు. ఆడ గూడా తప్పే చెప్తాడు," అంది. వాడు సిగ్గుపడి బయటికి పరిగెత్తాడు.

నేను నోరు వెళ్ళబెట్టాను. మా ఇంట్లోనే ఏదో వింత జరుగుతోందని కుమిలిపోతుంటే, ఏ గడప తొక్కినా ఇదే కథ! పిల్లకు జ్వరమొస్తే వీధంతా చెప్పుకుంటాం. నిద్ర సంగతి ఎందుకు దాచుకుంటామో నాకు ఇప్పటికీ తెలియదు.

వదిన మమ్మల్ని పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. "ఈ వయసులో ఇవి మామూలేనమ్మా, చాలామందికి వాటంతటవే పోతాయి. నిద్ర చాలకపోతే ఎక్కువవుతాయి. పాప ఎప్పుడు పడుకుంటుంది?" అని అడిగాడాయన. మగ్గం ఆగినాక, అన్నాను. పెళ్ళిళ్ళ కాలంలో అది ఎప్పుడు ఆగుతుందో మాకే తెలియదు. సిగ్గు విడిచి మగ్గం పిలవడం గురించి కూడా అడిగేశాను. ఆయన పకపకా నవ్వాడు. "మావాడు నిద్దట్లో పోయి ఫ్రిజ్ తెరుస్తాడు. ఫ్రిజ్ పిలిచిందంటారా? అలవాటైన చోటికే కాళ్ళు పోతాయమ్మా. గట్టిగా కుదిపి లేపొద్దు. మెల్లగా తెచ్చి పడుకోబెట్టండి. తలుపులు, మెట్లు చూసుకోండి."

తిరుగు ప్రయాణంలో పెనుకొండలో దిగి, హాస్టలు వార్డెనును కలిశాను. సీటు పోతే పోయిందని గుండె రాయి చేసుకుని అంతా చెప్పాను. ఆమె కనురెప్ప కూడా ఆడించలేదు. "ఇట్లాంటోళ్ళు ప్రతి ఏడూ వస్తారమ్మా. చెప్పకుండా దాచిపెట్టేవాళ్ళతోనే మాకు కష్టం. కింది గదిలో నా పక్కనే మంచం వేస్తా," అంది. నాకు ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి పూసగుచ్చినట్టు చెబితే మా అత్త ఒప్పుకుంటేనా! "ఊరోళ్ళ పిల్లోళ్ళు ఏమన్నా జేసుకోనీ. మన పిల్ల పోయేది మగ్గం కాడికే గదా!" మా ఆయన మగ్గం గుంతలో కూర్చుని నేస్తూనే, ఆమె వైపొకసారి, నా వైపొకసారి చూస్తున్నాడు. నేను గొంతు పెంచాను, ఆమె ఇంకా పెంచింది. గోడ వార కూర్చుని సంగటి తింటున్న పిల్ల పళ్ళెం పక్కకు నెట్టింది.

"నిద్దర్లో నేనేం జేసినానో అందరూ చెప్తాండారు. ఇప్పుడు మేలుకోనే ఉండా గదా! నన్నడగండి!"

మగ్గం ఆగిపోయింది. ఇన్ని ఊళ్ళు తిరిగి ఇంతమందిని అడిగాను, పిల్లను ఈ మాట అడగాలని నాకు తట్టనే లేదు.

మా ఆయన గుంతలోంచి లేచి వచ్చి దాని ముందు కూర్చున్నాడు. "చెప్పమ్మా."

"పోతా నాయనా. సదువుకుంటా."

"ఆడ నిద్దర్లో లేస్తే?"

"లేస్తే మళ్ళా పండుకుంటా."

మా అత్త లేచి, దండెం మీది పిల్ల బట్టలు తీసి మడత పెట్టింది. తర్వాత ట్రంకు పెట్టె యాడుందో చూడమని నన్ను కసిరింది.