ట్రాక్టర్ల పాలైన పిన్నులు

కామారెడ్డిలో పనిముట్ల దుకాణం నడిపే ఒకాయన కారు స్ప్రింగును అదిమిపట్టే క్లాంపుల జత ఒకటి నాకు అమ్మాడు. వాటి కొక్కేలకు ఉండవలసిన పిన్నులు పీకేసి అమ్మాడు. తెలిసే పీకాడు. ఇదీ జరిగిన అన్యాయం.

ఆ పిన్ను చిటికెన వేలంత కూడా ఉండదు. కానీ కారు ముందు చక్రం దగ్గరుండే స్ప్రింగు ఆటబొమ్మలోది కాదు, బండి బరువు మోసేది. దాన్ని షాక్ అబ్జార్బర్ మీంచి తీయాలంటే ముందు రెండు పక్కలా క్లాంపులు తగిలించి, మరలు తిప్పుతూ కుదించాలి. కుదించిన స్ప్రింగు కోపం దిగమింగుకుని కూర్చున్న మనిషిలాంటిది. కొక్కెం జారితే ఎదురుగా ఎవరి మొహం ఉందని చూడదు. జారకుండా అడ్డం నిలబడేది ఆ పిన్నే.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ తర్వాత చదివిందంతా డబ్బాల మీద, ఎరువు సంచుల మీద, మోటార్లతో వచ్చే కాగితాల మీద. పంపుసెట్లు బాగుచేసి ఇల్లు నడిపాను. ఏ సామాను కొన్నా దానితో వచ్చిన కాగితం రేకుపెట్టెలో దాచుకుంటాను. "మన లగ్గం కార్డు యాడ పోయిందో తెల్వదు గని, మిక్సీ కాగితం మాత్రం భద్రంగుంది" అని మా ఇంటామె ఇప్పటికీ దెప్పుతుంది.

మాది ఎల్లారెడ్డి. నా దగ్గరొక పాత కారుంది. కామారెడ్డి రోడ్డు మీద స్పీడు బ్రేకరు దాటినప్పుడల్లా ఎడమ ముందు చక్రం దగ్గర టక్కుమని చప్పుడు రావడం మొదలైంది. వంగి చూస్తే స్ప్రింగు అడుగు చుట్టు విరిగి ఉంది. మా పక్కింటి భాయ్‌ని పిలిచాను. దుబాయిలో పదిహేనేళ్లు గ్యారేజీలో పనిచేసి వచ్చి, ఇప్పుడు ఇంటి ముందు రేకుల షెడ్డులో బండ్లు బాగుచేస్తున్నాడు. నన్ను చాచా అంటాడు.

"గిదేం పెద్ద పని చాచా, తాడుతోని కడుదాం" అన్నాడు.

మా వైపు అందరూ చేసే పద్ధతే అది. కారు చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడే, బరువుకు కుంగిన స్ప్రింగు చుట్లను నైలాన్ తాడుతో బిగించి కట్టేస్తారు. తర్వాత బండి లేపి, ముడిని నమ్ముకుని పని కానిస్తారు.

"దుబాయిల గూడ గట్లనే కట్టినవా?" అన్నాను.

"తోబా తోబా! ఆడ గట్ల చేస్తే నౌకరి పోతది. గిది ఎల్లారెడ్డి గద."

"ఎల్లారెడ్డోళ్ల మొహాలు ఇనుముతోని చేసిండ్రా?"

భాయ్ నవ్వాడు గాని నాకు నవ్వు రాలేదు. నా కుర్రతనంలో ఒక టాక్సీ కారు స్ప్రింగుకు కట్టిన తాడు తెగడం నా కళ్లతో చూశాను. స్ప్రింగు పైకప్పు పెంకు పగలగొట్టుకుని పోయింది. పోతూ పోతూ మేస్త్రీ ముందరి పళ్లు రెండు పట్టుకుపోయింది. ఆయన అదృష్టవంతుడని అందరూ అన్నారు. ఆ అదృష్టవంతుడు బతికినన్నాళ్లూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వాడు.

అందుకే బస్సెక్కి కామారెడ్డి పోయి, ఒక కొత్త స్ప్రింగూ, ఉన్నవాటిలో చవకైన క్లాంపుల జతా తెచ్చాను. చవక వస్తువుతో నాకు పేచీ లేదు. జీవితమంతా చవక పనిముట్లతోనే పనిచేశాను. వాటిని కొంచెం ఎక్కువ అనుమానించాలి, అంతే. మర వంకరగా ఉందా, కొక్కెం దగ్గర పగులుందా, పళ్లు అరిగాయా అని వెలుతురులో పెట్టి చూడాలి. అలా చూస్తుంటేనే ప్రతి కొక్కేనికి ఒక తూటు కనిపించింది. నాలుగు తూట్లూ ఖాళీ.

"చాచా, గీ తూట్లల్ల పిన్నులుండాలె" అన్నాడు భాయ్. మొహంలో నవ్వు పోయింది.

దుకాణానికి ఫోన్ చేశాను. "పిన్నులెందుకు బాపు, అవి లేకున్నా నడుస్తది" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. మర్నాడు మళ్లీ బస్సెక్కాను.

గల్లా పక్కనే ఒక ప్లాస్టిక్ డబ్బా, దాని నిండా పిన్నులు. నేను నోరు తెరిచేలోపే ఒక రైతు వచ్చాడు. "సేటూ, ట్రాక్టర్ పిన్నులు ఓ నాలుగియ్యి." దుకాణదారు డబ్బాలో చెయ్యి పెట్టి తీసి ఇచ్చాడు. అప్పుడు అర్థమైంది. దున్నేటప్పుడు నాగలి బిగించే దగ్గరి చిన్న పిన్నులు ఊడి మట్టిలో పడిపోతుంటాయి. సీజన్లో వాటికోసం అందరూ తిరుగుతారు. క్లాంపు పిన్ను సరిగ్గా ఆ నాగలి తూటులో పడుతుంది. కార్ల దేశంలో తయారైన వస్తువును ఈయన ట్రాక్టర్ల దేశానికి సర్దాడన్నమాట!

"గవి నా క్లాంపులవి" అన్నాను.

"రైతులకు పని ఆగుతది బాపు. పిన్ను లేకుంటే నాగలి ఊడుతది."

"నాకు లేకుంటే దవడ ఊడుతది!"

కొనడానికి వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్వుకు జడిసి నాలుగు పిన్నులు నా చేతిలో పెట్టాడు. నేను కదల్లేదు.

"ఇంకెవలెవలికి అమ్మినవ్ గిట్ల?"

"గాంధారి ఊరి మెకానిక్ ఒకాయన, సదాశివనగర్ ఆయన ఒకాయన. అంతే."

"ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు. పిన్నులు లేకుండ వాడొద్దని చెప్పు."

"చెప్త తియ్యి. మీరు పోయి చాయ్ తాగుండ్రి."

ఆ "తియ్యి" అనే మాట నాకు బాగా తెలుసు. ఆ మాట అన్నవాడు చెయ్యడు. నంబర్లు నాకిమ్మంటే ఇవ్వలేదు. ఇక్కడినుంచి నా కారు సంగతి కాదు, ముక్కూ మొహం తెలియని ఆ ఇద్దరి సంగతే నన్ను పట్టుకుంది.

కారు పని మాత్రం పండగలా జరిగింది. సిమెంటు గచ్చు మీద బండి నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాం. మా ఇంటామె ఇటుకలు తేబోతే వద్దన్నాను. ఇటుక చెప్పకుండా పగులుతుంది. భాయ్ షెడ్డులోంచి ఇనుప స్టాండ్లు తెచ్చాడు. జాకీ లేపడానికే, మోయడానికి కాదు. స్ప్రింగుతో సహా షాక్‌ను బయటికి తీసి, క్లాంపులు ఎదురెదురుగా తగిలించి, పిన్నులు వేశాం. మరలకు గ్రీజు పూశాం. మరలు గబగబా తిప్పే గాలిమిషను తెస్తానన్నాడు భాయ్.

"చేత్తోనే తిప్పు. ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు. ఒకదిక్కే తిప్పితే వంగుతది."

"చాచా, నేను పదిహేనేండ్లు చేసిన పని నాకే చెప్తున్నవ్!"

"తాడు తెస్తనన్నోనివి నువ్వే గద!"

దెబ్బ తగలకుండా ఇద్దరం కళ్లకు అద్దాలు పెట్టుకున్నాం. స్ప్రింగు కొసలకు ఎదురుగా ఎవరూ కూర్చోలేదు. స్ప్రింగు పైకొస కూర్చునే గిన్నెలో అది వదులై కదిలిన తర్వాతే, ఆ గిన్నెను పట్టి ఉంచే నడిమి నట్టు ముట్టుకున్నాం. అంతకుముందు విప్పితే స్ప్రింగు ఎగిరిపోతుంది, చేసిందంతా వృథా. కొత్త స్ప్రింగు ఎక్కించి, అలాగే కొంచెం కొంచెంగా వదిలాం. సాయంత్రానికి కారు స్పీడు బ్రేకరు మీద మర్యాదగా దిగింది. ఆ ఆనందానికి భాయ్ ఇంట్లో సేమ్యా తిన్నాం.

తింటున్నప్పుడు కూడా గాంధారి ఆయనే గుర్తొచ్చాడు. ఆయన చేతిలోనూ ఇలాంటి కొక్కెమే ఉంటుంది, తూటు ఖాళీగా. అందుకే ఆ ఇద్దరికీ పిన్నులు చేర్చమని దుకాణానికి ఉత్తరం రాశాను. జవాబు రాకపోతే వారం తర్వాత ఇంకొకటి రాశాను.

"ఫోన్ల కాలంల ఉత్తరాలేంది చాచా?" అన్నాడు భాయ్.

"ఫోన్ కట్ చేస్తడు. ఉత్తరం కట్ చెయ్యరాదు."

"చింపొచ్చు గద?"

"చింపేముందన్న సదువుతడు."

మూడో ఉత్తరంలో మాటలు తగ్గించాను. "అయ్యా, నాకు మీ మీద కోపం చాలా ఉంది, అది పక్కన పెడుతున్నాను. ఆ ఇద్దరి చేతులూ కళ్లూ మీరు అమ్మిన సామానులో లేవు. వాటిని పీకే హక్కు మీకు లేదు" అని రాసి పంపాను.

పది రోజులకు, దుకాణం బిల్లు కాగితం వెనక రాసిన జవాబు వచ్చింది:

"బాపుకు నమస్తే. మీ ఉత్తరాలు మూడు అందినయి. మొదటి రెండు నేను సదువలే, అబద్ధమెందుకు. మూడోది మా అమ్మ సద్ది తెచ్చినప్పుడు సదివింది. సదివి గల్లా ముందట కూసున్నది. పిన్నులు ఇచ్చి రాకుంటే లేవనన్నది. నేనే బండి మీద పోయిన. సదాశివనగర్ ఆయన సంచి ఇంకా ఇప్పలే. గాంధారి ఆయన అప్పుడే స్ప్రింగు బిగిస్తుండు. మెల్లగ వదులు చేపిచ్చి, పిన్నులు పెట్టిచ్చిన. నన్ను మస్తు తిట్టిండు, పడ్డ. ట్రాక్టరోళ్లకు వేరే పిన్నులు తెప్పిచ్చిన. మీరు ఇగ నిమ్మళంగుండుండ్రి. గాంధారి ఆయనకు పది వేళ్లున్నయి, రెండు కండ్లున్నయి. అమ్మ అడుగుతదని నిలవడి లెక్కవెట్టి వచ్చిన."