ఆ మధ్యాహ్నం కాయాకు ఎవరు తినిపించారు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఇంట్లో ఎవరైనా గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో అంటే నవ్వేది నేనే. సైన్స్ పార్కులో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. పదహారేళ్ళుగా నా పని ఒక్కటే. ఎక్కడో తప్పు జరిగిందని ఎవరో చెబుతారు, అది ఎందుకు జరిగిందో నేను పట్టుకోవాలి. నాకు కారణం దొరకని తప్పులు రెండు మూడున్నాయి. అవి కూడా తరవాత ఇంకొకరికి దొరికాయి.

అందుకే కిందటేడు మా ఇంట్లో జరిగిన ఈ సంగతిని ఇన్నాళ్ళూ రాయకుండా దాటేశాను. రాస్తే నాకు నేనే సమాధానం చెప్పుకోవాలి.

మేం సింగపూర్‌లో, పుంగ్గోల్ అనే పేటలో, పదకొండో అంతస్తులో ఉంటాం. నేను, నా భార్య శిరీష, తొమ్మిదేళ్ళ మా అన్వి. అన్వి ఏదో వీడియోలో ఫెరెట్‌ను చూసింది. ముంగిసలా సన్నగా, పొడుగ్గా ఉండే జంతువు. అది కావాలని నెల రోజులు పోరు పెట్టింది. ఇక్కడ దాన్ని ఇంట్లో పెంచనివ్వరని చూపించాను. "దెన్ వాట్ కెన్ హావ్, నాన్నా?" అంది. దానికి జవాబు మా బ్లాకులోనే, అయిదో అంతస్తులో దొరికింది.

అక్కడ నరసమ్మ ఆంటీ ఉంటారు. డెబ్భై దాటాయి. వాళ్ళ తాతలు విశాఖ వైపు నుంచి మలేషియా రబ్బరు తోటలకు వచ్చినవాళ్ళు. ఆవిడ పెళ్ళయ్యాక సింగపూర్ వచ్చారు. ఆవిడ తెలుగులో తమిళం, మలయ్ కలిసి వినబడతాయి. జనం వద్దనుకుని వదిలేసిన కుందేళ్ళను ఇంటికి తెచ్చి, బాగుచేసి, చూసుకునేవాళ్ళకు ఇస్తుంటారు. మాకూ అలాగే ఒకటి ఇచ్చారు. కొబ్బరిపాలతో చేసి ఇక్కడ రొట్టె మీద రాసుకునే కాయా జామ్ ఏ రంగులో ఉంటుందో, అదే రంగు. అందుకే దాని పేరు కాయా. "ఏం కాయ ఆంటీ?" అని శిరీష అమాయకంగా అడిగితే ఆవిడ సోఫాలో పడి నవ్వారు.

రెండేళ్ళలో కాయా మా ఇంటి అలవాట్లన్నీ మార్చేసింది. ఛార్జర్ వైర్లు గోడ మీదికి ఎక్కాయి. కొత్తిమీర రెండు కట్టలు కొనడం మొదలైంది, ఒకటి మాకు, ఒకటి దానికి. మెంతికూర ముట్టేది కాదు. సాయంత్రం నేను బూట్లు విప్పుతుంటే నా చుట్టూ రెండు రౌండ్లు కొట్టి వెళ్ళిపోయేది. నరసమ్మ ఆంటీ వస్తే మాత్రం వెనక కాళ్ళ మీద నిటారుగా లేచి నిలబడేది. మా ముగ్గురిలో ఎవరికీ ఆ మర్యాద దక్కలేదు.

కిందటేడు శిరీష వాళ్ళమ్మకు కంటి ఆపరేషన్ అని పది రోజులకు రాజమండ్రి వెళ్ళింది. ఆమె వెళ్ళిన రెండో రోజు కాయా గడ్డి తినడం తగ్గించింది. మర్నాడు పొద్దున చూస్తే దాని ట్రేలో ఒక్క పెంటిక లేదు. ఆంటీకి ఫోన్ చేశాను. "ఇప్పుడే డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్ళు బాబూ. కుందేలు తినడం మానేస్తే పేగు ఆగిపోద్ది. పేగు ఆగితే కుందేలు ఉండదు" అన్నారు.

దవడ పళ్ళలో ఒకటి సూదిలా పెరిగి నాలుకను కోస్తోందట. మత్తు ఇచ్చి అరగదీశారు. అసలు పని ఆ తరవాత మొదలైంది. తనంతట తాను తినేదాకా, నాలుగు గంటలకోసారి గడ్డిపొడి గోరువెచ్చటి నీళ్ళలో కలిపి సిరంజితో తినిపించాలి. పూట తప్పకూడదు. మళ్ళీ పేగు ఆగితే ఈసారి కష్టమని డాక్టర్ సూటిగా చెప్పింది.

నాకు చేతకాలేదు. మొదటిసారి సగం నా చొక్కా మీద పడింది. ఆంటీ పైకొచ్చి నేర్పారు. వంటగదిలో నేల మీద కూర్చుని, కాయాను తువ్వాల్లో చుట్టి, సిరంజిని ముందు పళ్ళ వెనక పక్క నుంచి పెట్టి, కొంచెం వదిలి, మింగేదాకా ఆగి, మళ్ళీ కొంచెం. "పెలాన్ పెలాన్ బాబూ, మెల్లగా. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోద్ది." అయ్యాక సిరంజి కడిగి, లోపలి కడ్డీ బయటికి లాగి, రెండింటినీ మూడు కోణాలుగా మడిచిన టిష్యూ మీద పక్కపక్కనే ఆరబెట్టేవారు. నేనైతే సింకులో పడేసేవాణ్ణి.

అంతలో ఆవిడ మోకాలి ఆపరేషన్ రోజు వచ్చింది. నెలల క్రితం ఇచ్చిన తారీఖు. వాయిదా వేస్తానన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆసుపత్రికి వెళ్ళే ముందు పెట్టెతో సహా మా ఇంటికొచ్చి కాయా పొట్ట నొక్కి చూసి మరీ వెళ్ళారు.

నేను ఇంటినుంచే పనిచేస్తూ గడిపాను. కాయా బరువు రోజూ వంటింటి త్రాసు మీద చూసి రాసేవాణ్ణి. ఆంటీకి ఆపరేషన్ అయిన రెండో రోజు మాత్రం ఆఫీసుకు వెళ్ళక తప్పలేదు. క్లయింటుకు మా పని చూపించాలి. పదింటికి మొదలై పదకొండుకు అయిపోతుందన్నారు. పన్నెండున్నరకల్లా ఇంటికొచ్చి తినిపించవచ్చు అనుకున్నాను.

ఆ పొద్దున ఎనిమిదింటికి తినిపించాను. బరువు 1620 గ్రాములు. పొడి డబ్బాకు చీమలు పట్టి ఉంటే తుడిచి, మొదటిసారిగా ఫ్రిజ్ పైన పెట్టాను. సిరంజి మామూలుగానే సింకులో పడేశాను. కాయా గూడు తలుపు తెరిచి ఉంచాను. ఇంటి తలుపు తాళం వేసి, అన్విని స్కూల్లో దింపి వెళ్ళాను.

ఆఫీసులో అన్నీ అడ్డం తిరిగాయి. సర్వర్ పడిపోయింది, మళ్ళీ మొదటి నుంచి చూపించమన్నారు. పన్నెండయింది, ఒంటిగంటయింది. గదిలోంచి కదలడానికి లేదు. సిరంజి పట్టుకోవడం వచ్చిన మూడో మనిషి మా బ్లాకులో లేరు. ఒంటిగంటా పదిహేనుకు బల్ల కింద ఫోన్ పెట్టుకుని ఇంట్లో కెమెరా చూశాను. గూడు ఖాళీగా ఉంది.

ఒంట్లో బాగోలేని కుందేలు ఎవరికీ కనబడకుండా ఓ మూలకు పోయి పడుకుంటుందని ఆంటీ చెప్పి ఉన్నారు. ఆ తరవాత మీటింగులో ఏం మాట్లాడానో నాకు తెలియదు. రైల్లో వస్తున్నంతసేపూ అన్వికి ఏ మాటలతో చెప్పాలా అని ఆలోచించాను. మళ్ళీ కెమెరా తెరిచే ధైర్యం లేకపోయింది.

ఇంటికి వచ్చేసరికి అయిదు కావస్తోంది.

కాయా గూట్లో కాళ్ళు బారజాపి పడుకుని ఉంది. నన్ను చూసి చెవి ఒకటి తిప్పింది. గడ్డం కింద బొచ్చు పాయలుగా అతుక్కుని, ఆకుపచ్చగా ఉంది. ట్రేలో తాజా పెంటికలు. లెక్కపెట్టాను, పద్నాలుగు.

వంటగదిలోకి వెళ్ళాను. పొడి డబ్బా గట్టు మీద ఉంది. తువ్వాలు బట్టలారేసే కర్ర మీద పరిచి ఉంది, ఒక అంచు తడిగా ఉంది. సిరంజి కడిగి ఉంది. కడ్డీ విడిగా, గొట్టం విడిగా, మూడు కోణాలుగా మడిచిన టిష్యూ మీద.

కాయాను త్రాసు మీద పెట్టాను. 1650.

ముందు సంతోషం వేసింది, అది దాచను. నేల మీద కూర్చుని దాని తల నిమురుతూ పది నిమిషాలు ఉండిపోయాను. ఆ తరవాతే నా ఉద్యోగం గుర్తొచ్చింది.

మాది నంబరు నొక్కి తెరిచే తాళం. ఎప్పుడు తెరిచారో ఫోన్‌లో పడుతుంది. పొద్దున నేను వెళ్ళిన తరవాత మళ్ళీ సాయంత్రం నేను వచ్చినప్పుడే తెరుచుకుంది. నంబరు తెలిసినవాళ్ళు నలుగురు. శిరీష రాజమండ్రిలో, అన్వి స్కూల్లో, నేను ఆఫీసులో, ఆంటీ ఆసుపత్రిలో.

కెమెరా రికార్డు చూశాను. ఒంటిగంటా ఏడుకు కాయా చెవులు నిక్కబొడుచుకుంది. గూటిలోంచి రెండు గెంతుల్లో బయటికొచ్చి, వంటగది వైపు తిరిగి, వెనక కాళ్ళ మీద నిటారుగా నిలబడింది. తరవాత అటే వెళ్ళింది. వంటగది కెమెరాకు అందదు. పద్నాలుగు నిమిషాల తరవాత మూతి నాక్కుంటూ తిరిగొచ్చింది. మధ్యలో శబ్దం దాదాపు లేదు. ఒకచోట నీళ్ళు పడుతున్న చప్పుడు కొన్ని సెకన్లు వినబడుతుంది. అది పైఇంటి పైపు కూడా కావచ్చు.

స్కూలు డేకేర్‌లోంచి అన్విని తీసుకుని ఆ సాయంత్రం ఆంటీని చూడటానికి వెళ్ళాను. దారిలో దానికేమీ చెప్పలేదు.

ఆంటీ దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. "రా బాబూ. మకాన్ అయిందా, ఏమైనా తిన్నారా? కాయా బరువు పెరిగిందా?"

"ముప్పై గ్రాములు పెరిగింది ఆంటీ."

"పెరగదా మరి! కానీ బాబూ, ఆ డబ్బా ఫ్రిజ్ పైన అంత ఎత్తున పెడితే ఎట్టా? నా కాలికి కుట్లున్నాయి కదా."

"చీమలు పట్టాయి ఆంటీ" అనేశాను. అన్నాక గానీ నేను దేనికి జవాబు చెప్పానో నాకు తెలియలేదు.

డబ్బా అక్కడ పెట్టినట్టు మీకెవరు చెప్పారని అడిగాను. "ఎవరు చెప్పాలి? మధ్యాహ్నం మందుకి మత్తుగా నిద్రపట్టింది. కలలో మీ ఇంటికొచ్చాను. స్టూలు ఎక్కి తీసుకున్నాను. సయాంగ్, నా బంగారం, చుక్క కారనివ్వలేదు" అన్నారు, ఎవరో పక్కింటి పెళ్ళి సంగతి చెప్పినంత మామూలుగా.

నర్సు వస్తే మాటల్లో పెట్టి అడిగాను. ఒంటిగంటకు నడిపించడానికి ఫిజియోథెరపిస్టు వచ్చిందట. ఎంత పిలిచినా ఆంటీ లేవలేదట. నాడి చూశారు, బాగానే ఉంది. నిద్ర పోనిమ్మని వెళ్ళిపోయిందట.

అన్వి మంచం పక్కన నిలబడి ఆంటీ చెయ్యి పట్టుకుని ఆడుకుంటోంది. ఉన్నట్టుండి ఆ వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఆంటీ, యువర్ హ్యాండ్ స్మెల్ లైక్ కాయా ఫుడ్ లా" అంది.

ఆంటీ నవ్వి దాని జుట్టు చెరిపారు. నేను వంగి వాసన చూసి ఉండవచ్చు. నా పనే అది. కానీ చూడలేదు. ఎందుకు చూడలేదో ఇప్పటికీ చెప్పలేను.

ఇంటికొచ్చాక చూస్తే, స్నానాలగదిలో అన్వి కోసం ఉంచే ఎర్ర స్టూలు ఫ్రిజ్ పక్కన ఉంది. ఫ్రిజ్ పైభాగం నా చేతికి అందుతుంది, నాకు స్టూలు అక్కర్లేదు. పొద్దున అది అక్కడ ఉందో లేదో మాత్రం గుర్తులేదు. అందుకని దాన్ని సాక్ష్యంలో కలపను.

శిరీషకు ఫోన్‌లో అంతా చెప్పాను. "నిద్రలేక, కంగారులో నువ్వే మధ్యలో వచ్చి పెట్టి మర్చిపోయుంటావు" అంది. ఆఫీసు గేటులో నా కార్డు గీసిన సమయాలు పంపాను. పొద్దున లోపలికి ఒకసారి, సాయంత్రం బయటికి ఒకసారి. అవి చూసి, "పోన్లే, బతికింది కదా" అంది.

మూడో రోజుకి కాయా తనంతట తాను కొత్తిమీర కాడ ఒకటి నమిలింది. అన్వి ఆ కాడ మిగులు ముక్కను పుస్తకంలో దాచుకుంది. నెలా పదిహేను రోజులకు ఆంటీ కర్ర పట్టుకుని లిఫ్టులో పైకొచ్చారు. కాయా లేచి నిలబడింది. ఇప్పుడు రోజూ నాలుగింటికి వస్తారు. టీ తాగి, దాని గోళ్ళు చూసి, నా వంట మీద ఓ మాట విసిరి వెళతారు. మా ఇల్లు హాయిగా ఉంది. ఆ సంగతి ఒకసారి కదిపితే, "కల బాబూ అది. కలకి కూడా టెస్టింగ్ చేస్తావా?" అన్నారు. మళ్ళీ అడగలేదు.

వచ్చే నెల ఆవిడకు రెండో మోకాలి ఆపరేషన్. ఆ వారం మొత్తం సెలవు పెట్టాను. ఆంటీకి తోడుగా ఆసుపత్రిలో ఉండటానికా, కాయాకు తోడుగా ఇంట్లో ఉండటానికా అని శిరీష అడిగింది. మధ్యాహ్నం ఒంటిగంటకు వంటగదిలో కూర్చుని చూడాలని ఒక రోజు అనిపిస్తుంది. ఆ వేళకు ఇల్లు ఖాళీ చేసి, తలుపు దగ్గరగా వేసి, కిందికి వెళ్ళిపోవడమే మర్యాద అని ఇంకో రోజు అనిపిస్తుంది. ఏం చేస్తానో నాకే తెలియదు.